ట్రాన్స్‌ఫార్మర్ మాట వినండి: పాత రేడియో భాగాలతో గిటారు యాంప్లిఫయర్
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో గిటార్లు, వెనక వరసలో మల్టీమీటర్లు కనబడుతున్నాయి. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడడానికి ప్రయత్నిస్తాను. వాయించేవాళ్లకు లెక్కలు కాస్త ఎక్కువనిపించవచ్చు, ఓపిక పట్టండి. ఈ పనిలో లెక్క తప్పితే శబ్దం పాడవడం తర్వాతి సంగతి, ముందు మనిషికి ప్రమాదం.

ఈ బల్ల మీద ఉన్నది 1960లలో తయారైన ఒక వాల్వు రేడియో ఛాసిస్, అంటే భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రం. వాల్వు అంటే ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టం. చెక్కపెట్టెను చెదలు తినేశాయి. డయల్ అద్దం లేదు. స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సరు రేకులు తుప్పుపట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. స్టేషన్లు పట్టడం దీనివల్ల ఇక కాదు. కానీ ఇంటి కరెంటును వాల్వులకు కావలసిన వోల్టేజిలుగా మార్చే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, వాల్వును స్పీకర్‌కు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది, స్పీకర్‌ను నడిపే ఈఎల్ 84 వాల్వు వెలుగుతోంది. విప్పితే ఇలాంటి సెట్టునే విప్పాలి. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, కాస్త బాగుచేస్తే పలికే రేడియోలను కూడా గిటారు కోసం ఊడదీస్తున్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. విజయవాడ కేంద్రం వార్తలు, రేడియో సిలోన్ పాటలు వినిపించిన సెట్టు ఇంకా పలికే స్థితిలో ఉంటే దాన్ని పలకనివ్వండి. చచ్చిపోయిన సెట్లు మనకు కావలసినన్ని ఉన్నాయి.

ఎక్కడున్నాయంటే, హైదరాబాదులో ఆదివారం ఎర్రగడ్డ సంత ఉంది, గురువారం జుమ్మేరాత్ బజారు ఉంది. చిన్న ఊళ్లలో మైకు సెట్లు అద్దెకిచ్చే పాత షాపుల అటకలు చూడండి. మూతపడ్డ టాకీసుల ప్రొజెక్టర్ గదులు చూడండి. పాత ఇనుప సామాన్ల కొట్టువాళ్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టేస్తారు. కొత్త రెసిస్టర్లు, కండెన్సర్లు, టంకం సామాను కోఠిలో గుజరాతీ గల్లీకి వెళితే దొరుకుతాయి. పాత సెట్లలో వాల్వుల మీద తుడిచి చూస్తే చాలాసార్లు బీఈఎల్ అని కనబడుతుంది. బెంగుళూరులో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. వాటిని తక్కువగా చూడకండి, చక్కని వాల్వులు.

ఇక అసలు విషయం. ఈ పని మొదలుపెట్టే కుర్రవాళ్లు చాలామంది ముందు ఒక పేరున్న యాంప్లిఫయర్ సర్క్యూట్ దించుకుంటారు. తర్వాత దానికి కావలసిన భాగాల కోసం తిరుగుతారు. పాత భాగాలతో కట్టేటప్పుడు ఈ వరస తిరగబడాలి. ముందు చేతిలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో చూడాలి. అది ఎన్ని వోల్టులు ఇస్తుంది, ఎంత కరెంటు ఇస్తుంది కొలవాలి. దాన్నిబట్టి వాల్వు, వాల్వునుబట్టి సర్క్యూట్. వాల్వులు స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో నేటికీ తయారవుతున్నాయి, డబ్బు పెడితే వస్తాయి. రెసిస్టర్లు, కండెన్సర్లు ఎలాగూ కొత్తవే వేస్తాం. ఈ పనికి సరిగ్గా సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం మామూలు షాపులో ఉండవు. చుట్టించుకోవాలి, లేదా పాత సెట్లోంచి తీయాలి. పాత సెట్టు కొనడమంటే నా లెక్కలో ఆ రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కొనడమే. మిగతాదంతా కొసరు.

ఇదేదో గతిలేక చేసే పని అని అనుకోకండి. గిటారు యాంప్లిఫయర్ పుట్టిందే రేడియో మెకానిక్ బల్ల మీద. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. ఆయన కంపెనీ తర్వాత తీసుకొచ్చిన ఛాంప్ అనే చిన్న యాంప్లిఫయర్ సర్క్యూట్ చూడండి. 1950ల చివరి మోడల్లో ఉన్నవి మూడే వాల్వులు: ఒక 12ఏఎక్స్7, ఒక 6వీ6, ఏసీని డీసీగా మార్చే ఒక 5వై3 రెక్టిఫయర్. రేడియోలో స్టేషన్ పట్టే భాగం తీసేస్తే మిగిలేది దాదాపు ఇదే. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్, తన షాపు కుర్రాళ్లతో కలిసి ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను దాదాపు అలాగే తీసుకుని తన యాంప్లిఫయర్ కట్టాడు. కానీ స్పీకర్లు ఇంగ్లండులో దొరికే సెలెస్టియన్‌వి వేశారు, ముందు వాల్వుగా ఈసీసీ 83 పెట్టారు, కొంతకాలానికి అవుట్‌పుట్‌లో ఇంగ్లీషు వాల్వు కేటీ 66 వచ్చింది. స్పీకర్ పెట్టెకు వెనకవైపు మూసేశారు. ధ్వని మారిపోయింది. ప్రపంచమంతా గుర్తుపట్టే మార్షల్ ధ్వనిలో కొంత భాగం అక్కడ ఏది దొరికితే అది వేయడం వల్ల వచ్చింది. మీరు ఎర్రగడ్డలో దొరికిన ట్రాన్స్‌ఫార్మర్‌తో కట్టినప్పుడు వచ్చే ధ్వని కూడా మీదే అవుతుంది.

సెట్టు కొనేముందు వాల్వుల పేర్లు చదవండి. యూరప్ పద్ధతి పేర్లలో మొదటి అక్షరం హీటరు సంగతి, అంటే వాల్వు లోపల వేడెక్కే తీగ సంగతి చెబుతుంది. 'ఈ' అంటే 6.3 వోల్టులు. మనకు కావలసింది అదే. తర్వాతి అక్షరం వాల్వు రకం. 'సీ' అంటే సిగ్నల్‌ను పెంచే ట్రయోడ్, 'సీసీ' అంటే ఒకే గాజులో రెండు ట్రయోడ్లు, 'ఎల్' అంటే స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ పెంటోడ్, 'జడ్' రెక్టిఫయర్, 'ఎం' అంటే స్టేషన్ సరిగ్గా పడితే పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ. మామూలు ఏసీ సెట్లో ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈబీసీ 81 లేదా ఈఏబీసీ 80, ఈఎల్ 84, ఈజడ్ 80 ఇలా ఉంటాయి. అలాంటిది కనబడితే తీసుకోండి.

పేర్లు 'డీ'తో మొదలైతే అది బ్యాటరీ సెట్టు. కరెంటు లేని ఊళ్ల కోసం చేసింది. అందులో ఉండే డీఎల్ 96 ఇచ్చేది వాట్టులో ఐదోవంతు. గిటారుకు చాలదు.

పేర్లు 'యూ'తో మొదలైతే, యూసీహెచ్ 81, యూసీఎల్ 82, యూవై 85 ఇలా, దయచేసి దాని జోలికి పోకండి. ఇవి ఏసీ, డీసీ రెంటికీ పనిచేసే సెట్లు. వీటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. హీటర్లన్నీ వరసగా కలిపి నేరుగా లైనుకు ఇస్తారు. మెయిన్స్ తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేస్తే ఛాసిస్ మీద 230 వోల్టులు. రేడియోకు చెక్కపెట్టె, ప్లాస్టిక్ నాబులు అడ్డం ఉండేవి కాబట్టి సరిపోయింది. గిటారులో తీగలు కేబులు మీది అల్లిక ద్వారా ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. ఆ తీగల మీద వేళ్లు పెట్టేది మనిషి. యూ సిరీస్ సెట్టుకు గిటారు తగిలించడమంటే మనిషిని మెయిన్స్‌కు కట్టడమే. ఇందులో రాజీ లేదు. మనం కట్టేదానికి మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, ఎర్తు తీగ ఛాసిస్‌కు బోల్టుతో బిగించి ఉండాలి, ఫేజు మీద ఫ్యూజు ఉండాలి.

సరే, మంచి సెట్టు ఇంటికి తెచ్చారు. వెంటనే ప్లగ్గు పెట్టకండి. అర్ధశతాబ్దం కదలకుండా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. వాటికి ఒక్కసారిగా వోల్టేజి ఇస్తే షార్టయి, పోతూపోతూ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోతాయి. మన అసలు ఆస్తి అదే కదా. రెక్టిఫయర్ వాల్వు తీసేయండి, మిగతా వాల్వులు కూడా తీసి పక్కన పెట్టండి. మొదట మీటరుతో ఓములు కొలవండి. ప్రైమరీ కొన్ని పదుల ఓములు, హెచ్‌టీ చుట్టు, అంటే వాల్వులకు పెద్ద వోల్టేజి ఇచ్చేది, కొన్ని వందల ఓములు, హీటరు చుట్టు దాదాపు సున్నా చూపిస్తాయి. ఏ చుట్టు నుంచీ ఇనుముకు కంటిన్యుటీ ఉండకూడదు, మధ్య ట్యాపింగు ఛాసిస్‌కు కలిపి ఉంటే దాన్ని విప్పి చూడండి. తర్వాత సిరీస్ బల్బు. 60 వాట్ల ఫిలమెంటు బల్బును లైనుకు వరసలో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు వెలగకుండా, లేదా లీలగా ఎర్రగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే. నిండుగా వెలిగితే లోపల చుట్లు షార్టయ్యాయి. మంచిదైతే కాసేపు అలాగే వదిలి, ప్లగ్గు తీసి, చేత్తో తాకి చూడండి. వేడెక్కకూడదు.

ఇప్పుడు వోల్టేజి. ఈ సెట్టులో హెచ్‌టీ 250-0-250 వచ్చింది. చివరి నుంచి చివరికి 500 వోల్టులు ఏసీ అని గుర్తుంచుకోండి, మీటరు ప్రోబులు నాసిరకానివి అయితే ఇక్కడ వాడొద్దు.

దీనితో ఎన్ని వాల్వులు నడుస్తాయి? ఇక్కడే రేడియో మనకు సాయం చేస్తుంది. ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈబీసీ 81, మ్యాజిక్ ఐ, వీటన్నిటి హీటర్లనూ ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఏళ్ల తరబడి మోసింది. అవన్నీ మనం తీసేస్తున్నాం. మనకు కావలసినవి ఈఎల్ 84కు 0.76 యాంపులు, ఈసీసీ 83కు 0.3, ఈజడ్ 80కి 0.6. మొత్తం 1.66 యాంపులు. పాత బరువుకన్నా తక్కువ. హెచ్‌టీ వైపు ఈఎల్ 84 సుమారు 54 మిల్లీయాంపులు, ఈసీసీ 83 రెండు భాగాలూ కలిపి రెండు మిల్లీయాంపుల లోపు. ఈజడ్ 80 పరిమితి 90. కాబట్టి రేడియో ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ హాయిగా పనిచేస్తుంది. ఇంకో ఈఎల్ 84 పెట్టి వాట్టులు రెట్టింపు చేద్దామనుకుంటే మాత్రం హెచ్‌టీ కరెంటు 110 దాకా పోతుంది. రెక్టిఫయర్ ఒప్పుకోదు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాట వినమని నేను చెప్పేది దీని గురించే.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏమీ రాసి ఉండదు. దాని నిష్పత్తి కనుక్కోవడం చాలా తేలిక, కానీ చాలామంది తిరగేసి చేస్తారు. స్పీకర్ వైపు 6.3 వోల్టులు ఇచ్చి వాల్వు వైపు కొలిస్తే అక్కడ 200 వోల్టులకు పైగా వస్తుంది, చెయ్యి తగిలితే ప్రమాదం. వాల్వు వైపు 6.3 వోల్టులు ఏసీ ఇవ్వండి, హీటరు చుట్టు నుంచే ఇవ్వొచ్చు. స్పీకర్ వైపు మిల్లీవోల్టులు కొలవండి. ఈ సెట్టులో 170 మిల్లీవోల్టులు వచ్చింది. 6.3ను 0.17తో భాగిస్తే 37. ఇంపీడెన్సు నిష్పత్తి దీని వర్గం, అంటే సుమారు 1370. 4 ఓముల స్పీకర్ పెడితే వాల్వుకు కనిపించే బరువు 5500 ఓములు. ఈఎల్ 84 డేటాషీటు 250 వోల్టుల దగ్గర అడిగేది 5200. సరిపోయింది! ఇదే ట్రాన్స్‌ఫార్మర్‌కు 8 ఓముల స్పీకర్ పెడితే అది 11 వేలు అవుతుంది, పవర్ పడిపోతుంది. కాబట్టి స్పీకర్ ఎన్ని ఓములదో కూడా ట్రాన్స్‌ఫార్మరే చెబుతోంది. ఇంట్లో 8 ఓములవి రెండు ఉంటే సమాంతరంగా కలపండి, 4 అవుతుంది.

రేడియో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, మంద్రం బాగా పలకదు అని కొందరు పెదవి విరుస్తారు. నిజమే, 100 హెర్ట్జ్ కిందకి వెళ్లేకొద్దీ అది నీరసపడుతుంది. కానీ గిటారు కింది తీగే 82 హెర్ట్జ్. అక్కడ కాస్త మంద్రం తగ్గితే ఇంత చిన్న స్పీకర్‌కు మంచిదే కూడా. పాటల సిస్టమ్‌కు లోపమైనది గిటారుకు లోపం కాకపోవచ్చు.

ఏవి పారేయాలి? ఎలక్ట్రోలిటిక్‌లు అన్నీ. మైనం పూసిన కాగితపు కండెన్సర్లు అన్నీ, ఒక్కటి కూడా ఉంచుకోవద్దు. వీటిలో ముందు స్టేజి నుంచి ఈఎల్ 84 గ్రిడ్‌కు, అంటే వాల్వులో సిగ్నల్ అందుకునే భాగానికి వెళ్లే కప్లింగ్ కండెన్సరు మరీ ప్రమాదకరం. అది కొంచెం లీకైనా ముందు వాల్వులో ఎలక్ట్రాన్లు చేరే ప్లేటు నుంచి పాజిటివ్ వోల్టేజి గ్రిడ్ మీదికి వస్తుంది, ఈఎల్ 84 అదుపు తప్పి ప్లేటు ఎర్రగా కాలుతుంది, దానితోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. మైకా, సిరామిక్ కండెన్సర్లు మామూలుగా బాగుంటాయి. పాత కార్బన్ రెసిస్టర్లు కాలం గడిచేకొద్దీ విలువ పెరుగుతాయి, కొలవకుండా వాడొద్దు. రబ్బరు తొడుగు తీగలు తాకితే పొడి రాలుతుంది, అవన్నీ మార్చాలి. వాల్వుల సంగతి చూస్తే, గాజు లోపల వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది తెల్లగా పాలిపోయి ఉంటే లోపలికి గాలి చేరింది, ఆ వాల్వు పని అయిపోయింది. వాల్యూమ్ కంట్రోల్ వెనక ఆన్-ఆఫ్ స్విచ్ ఉంటుంది. రేడియోకు అది సౌకర్యం. మనకు మాత్రం మెయిన్స్ తీగలు గిటారు సిగ్నల్ పక్కకు తెచ్చిపెడుతుంది. ఆ స్విచ్ వదిలేసి, మెయిన్స్ స్విచ్ వెనకవైపు వేరుగా పెట్టండి.

స్టేషన్ పట్టే భాగంలోని గ్యాంగు, ఐఎఫ్‌టీలు, కాయిల్సు బాగుంటే పారేయకండి. రేడియోలు బాగుచేసేవాళ్లకు ఇవ్వండి, అవి వాళ్లకు ఎక్కడా దొరకవు.

ఇప్పుడు సర్క్యూట్. రేడియోలో వెనక గ్రామఫోను పెట్టుకునే సాకెట్టు ఉంటుంది కదా, గిటారు అక్కడ పెడితే చాలదా అని అడుగుతారు. వినిపిస్తుంది. రేడియో ఆడియో భాగంలో ఒకే ట్రయోడ్ స్టేజి, దాని తర్వాత ఈఎల్ 84. మెత్తగా, శుభ్రంగా వాయించేవాళ్లకు అది కొంతవరకు సరిపోతుంది కూడా. కానీ టోన్ కంట్రోల్ పెడితే సిగ్నల్ సగానికి పైగా పోతుంది, వాల్యూమ్ పెంచినప్పుడు గిటారుకు రావలసిన ఆ గరుకుదనం రాదు. అందుకని ఈసీసీ 83 వేస్తాం. ఒక వాల్వులో రెండు స్టేజిలు. దానికి ఛాసిస్‌లో కొత్తగా రంధ్రం చేయనక్కర్లేదు. ఈసీహెచ్ 81 సాకెట్టు కూడా అదే తొమ్మిది పిన్నులది. దాని వైరింగు మొత్తం తీసేసి కొత్తగా వైరింగు చేసుకోండి. చాలా సెట్లలో ఆ సాకెట్టు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉంటుంది, గిటారు ఇన్‌పుట్‌కు అంతకన్నా మంచి చోటు లేదు.

ఇన్‌పుట్ జాకు దగ్గర ఒక మెగ్ ఓము ఛాసిస్‌కు, గ్రిడ్‌కు వరసలో 68 కిలో ఓములు. ఆ 68 కె వాల్వు సాకెట్టు పిన్ను మీదే ఉండాలి. ప్రతి ట్రయోడ్‌కు ప్లేటు వైపు 100 కె, ఎలక్ట్రాన్లు వెలువడే క్యాథోడ్‌కు 1.5 కె. ఒక్కో స్టేజి సిగ్నల్‌ను సుమారు 50, 60 రెట్లు పెంచుతుంది. మధ్యలో ఒక మెగ్ ఓము లాగ్ వాల్యూమ్ కంట్రోల్. కప్లింగ్‌కు 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్లు. ఈఎల్ 84 గ్రిడ్ నుంచి ఛాసిస్‌కు 470 కె. క్యాథోడ్‌కు డేటాషీటు 135 ఓములు అంటుంది, 150 ఓములు రెండు వాట్లది వేయండి. హెచ్‌టీ వడపోతకు 450 వోల్టుల కండెన్సర్లు. రెక్టిఫయర్ తర్వాత మొదటిది 47 మైక్రోఫారడ్ దాటనివ్వొద్దు. పెద్దదైతే హమ్ తగ్గుతుందని 220 వేస్తే ఈజడ్ 80 క్యాథోడ్ తట్టుకోలేదు.

వడపోత కండెన్సరుకు అడ్డంగా 220 కె, రెండు వాట్ల రెసిస్టరు వేయడం మర్చిపోవద్దు. ఇది ప్రాణం కాపాడే రెసిస్టరు. స్విచ్ ఆపినా కండెన్సర్లలో 300 వోల్టులు నిలిచి ఉంటాయి. మొత్తం 100 మైక్రోఫారడ్ ఉంటే ఈ రెసిస్టరు ద్వారా దాదాపు రెండు నిమిషాల్లో రెండు వోల్టులకు దిగుతుంది. అయినా రెసిస్టరును నమ్మొద్దు, మీటరును నమ్మండి. కొలిచి, సున్నా దగ్గర ఉందని చూశాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉన్నప్పుడు కొలవాలంటే ఎడమ చెయ్యి జేబులో. పక్కన ఒక మనిషి ఉండాలి. ఒంటరిగా రాత్రిపూట ఈ పని వద్దు.

హమ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే ఉత్సాహం నీరుగారిపోయేది ఇక్కడే. ముందు ఆ గుయ్ అనే శబ్దం ఎంత స్థాయిలో ఉందో వినండి. గిటారు వాయించేవాళ్లకు ఇది తేలిక. అన్నిటికన్నా కింది తీగ మీద జీ స్వరానికి కాస్త పైన 100 హెర్ట్జ్ ఉంటుంది, దానికి ఒక స్థాయి కింద 50. లోతుగా 50 ఉంటే హీటరు తీగలనుంచో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రంనుంచో వస్తోంది. కాస్త గరుకుగా 100 ఉంటే వడపోత చాలలేదు. హీటరు తీగలు రెండూ గట్టిగా పురివేసి ఛాసిస్ మూలలంట నడపాలి. చాలా రేడియోల్లో హీటరు ఒక కొస నేరుగా ఛాసిస్‌కు కలిపి ఉంటుంది. దాన్ని విప్పేసి, రెండు కొసల నుంచీ చెరో 100 ఓముల రెసిస్టరుతో ఛాసిస్‌కు కలపండి. తేడా వెంటనే తెలుస్తుంది.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ బిగించాలో చెవితోనే తేల్చుకోవచ్చు. దాని స్పీకర్ వైపుకు హెడ్‌ఫోను తగిలించి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే కరెంటు ఇవ్వండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే దేనికీ కలిపి ఉండకూడదు. దాన్ని చేత్తో ఇటూ అటూ తిప్పుతూ వినండి. ఒకచోట హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడ పెన్సిల్‌తో గీత గీసి బోల్టులు వేయండి. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. కంటికి కనబడని క్షేత్రాన్ని చెవితో వెతికి పట్టుకోవడం!

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మళ్లీ సిరీస్ బల్బు, స్పీకర్ తప్పకుండా తగిలించి. బల్బు మొదట వెలిగి నెమ్మదిగా తగ్గితే మంచిది. ఈఎల్ 84 తీసి, రెండో పిన్ను దగ్గర వోల్టేజి చూడండి. సున్నా ఉండాలి. ఏ కాస్త పాజిటివ్ ఉన్నా కప్లింగ్ కండెన్సరు లీకవుతోంది. అంతా బాగుంటే వాల్వు పెట్టి, బల్బు తీసేసి క్యాథోడ్ వోల్టేజి కొలవండి. 150 ఓముల మీద 8 వోల్టులు వచ్చిందనుకోండి, అంటే 53 మిల్లీయాంపులు. అందులో 5 స్క్రీన్ అనే రెండో గ్రిడ్‌ది, మిగతా 48 ప్లేటుది. ప్లేటు 250, క్యాథోడ్ 8, తేడా 242. 242ను 0.048తో హెచ్చిస్తే 11.6 వాట్లు. ఈఎల్ 84 పరిమితి 12. బాగుంది. 12 దాటితే 150 బదులు 180 ఓములు వేయండి. ఎంత ఆత్రంగా ఉన్నా ఈ లెక్క కాగితం మీద వేశాకే గిటారు తగిలించండి.

ఇక వచ్చేది ఐదు వాట్లకు కాస్త అటూఇటూ. తక్కువ అనిపిస్తుంది. ఇంటి గదిలో అది చాలా ఎక్కువ. ఇలా ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉన్న యాంప్లిఫయర్‌ను గట్టిగా తోస్తే తరంగం పైభాగం ఒకలా, కిందిభాగం ఇంకోలా అణుగుతుంది. అందువల్ల రెండో హార్మోనిక్ ఎక్కువగా పుడుతుంది. సంగీతం భాషలో చెబితే, మీరు షడ్జం వాయిస్తే దానితోపాటు తార షడ్జం తోడవుతుంది. మూడో హార్మోనిక్ దాని పైన పంచమం. ఐదోది అంతర గాంధారం, తంబురా బాగా శ్రుతి చేస్తే లీలగా వినిపించేది అదే. వాల్వు తోడుచేసే స్వరాలు మన చెవికి అంతగా నచ్చడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను. ఇది గిటారుకే కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వినిపించారు. పికప్ ఉన్న ఏ వాయిద్యాన్నయినా దీనికి తగిలించి చూడండి. గమకం చివర స్వరం సన్నబడేటప్పుడు వాల్వు ఎలా వదులుతుందో వినండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభికులలో ఒకరు: ఈజడ్ 80 బదులు డయోడ్లు వేయొచ్చాండీ?)

వేయొచ్చు, రెండు 1ఎన్4007లు. కానీ ఒక్కో డయోడ్ మీద 700 వోల్టులకు పైగా ఎదురు వోల్టేజి పడుతుంది, పక్షానికి రెండు చొప్పున వేస్తే నిశ్చింత. ఇంకో సంగతి, డయోడ్ వేస్తే వోల్టేజి పెరుగుతుంది. వాల్వులు వేడెక్కకముందే 350 వోల్టులు వచ్చేస్తుంది. ఈఎల్ 84 ప్లేటు పరిమితి 300. కాబట్టి వరసలో రెసిస్టరు వేసి తగ్గించి, ఇందాకటి లెక్క మళ్లీ వేయాలి. ఈజడ్ 80 బాగుంటే దాన్నే ఉంచండి. అది నెమ్మదిగా వేడెక్కుతూ వోల్టేజిని కూడా నెమ్మదిగా ఇస్తుంది. పాత సెట్టుకు అదే మంచిది.

(మరొకరు: స్పీకర్ లేకుండా ఆన్ చేస్తే ఏమవుతుంది సార్?)

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ పెద్ద కాయిల్. స్పీకర్ ఉంటే శక్తి అటు పోతుంది. లేకపోతే గిటారు సిగ్నల్ వచ్చినప్పుడల్లా ఆ కాయిల్‌లో చాలా ఎత్తుకు వోల్టేజి ఎగుస్తుంది, చుట్ల మధ్య ఇన్సులేషన్ చిల్లుపడుతుంది. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌కు స్పీకర్ షార్టయితే భయం, వాల్వు యాంప్లిఫయర్‌కు స్పీకర్ ఊడితే భయం. అందుకే నేను స్పీకర్ తీగలకు ప్లగ్గు పెట్టను, టంకం వేసేస్తాను.

(ఇంకొకరు: మా ఊళ్లో మైకు సెట్టు వాల్వు యాంప్లిఫయర్ ఒకటి ఉంది. దానికి గిటారు పెట్టుకోవచ్చా?)

మంచి వస్తువు దొరికింది మీకు, దాన్ని విప్పకండి. అవి మామూలుగా రెండు అవుట్‌పుట్ వాల్వులు పని పంచుకునే పుష్‌పుల్ యాంప్లిఫయర్లు, వాటిలో ఈఎల్ 34లు గానీ 6ఎల్6లు గానీ ఉంటాయి. హెచ్‌టీ 400 వోల్టులు దాటవచ్చు, కాబట్టి ఇందాక చెప్పిన జాగ్రత్తలన్నీ ఇక్కడ ఇంకా గట్టిగా వర్తిస్తాయి. ముందు వెనక పట్టీ చూడండి. హార్న్‌ల కోసం 100 వోల్టుల లైను ఇచ్చి ఉంటుంది, దానికి మామూలు స్పీకర్ తగిలించకూడదు. 4, 8, 16 ఓముల ట్యాపింగులు కూడా ఉంటే అక్కడ తగిలించాలి. మైకు ఇన్‌పుట్ దగ్గర రెసిస్టరు తక్కువ విలువది ఉంటే ఒక మెగ్‌కు మార్చాలి, లేకపోతే గిటారు పై స్వరాలు మొద్దుబారతాయి. మిగతా మార్పులు వాల్వుల పేర్లు చూశాక చెబుతాను. వచ్చేవారం తీసుకురండి. పలుకుతుందో లేదో చూద్దామని మాత్రం ఈలోగా ప్లగ్గు పెట్టకండి. ఇక్కడ సిరీస్ బల్బు ఉంది, దానితోనే మొదలుపెడదాం.